ఆకు పచ్చబడితే మంచిదేగా?

సందేహం: మా ఇంటి వెనక నిమ్మచెట్టును చూసి మా అమ్మ "ఆకులు పచ్చవడ్డయి, ఏదో తెగులొచ్చింది" అన్నది. మా బాబు నవ్వి "పచ్చగుంటె మంచిదే గద అమ్మమ్మా" అన్నాడు. పచ్చబడటం అంటే ఆకుపచ్చగా అవడమా, పసుపురంగుకు తిరగడమా? 'పసుపుబారాయి' అనాలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మగారి మాటలో దిద్దవలసిందేమీ లేదమ్మా. తెలుగులో పచ్చ ఒక్క రంగుకే పేరు కాదు. పచ్చగడ్డిలో అది ఆకురంగు, పచ్చకామెర్లలో, గుడ్డులోని పచ్చసొనలో పసుపురంగు. మన వైపు పచ్చజొన్నలు అంటే ఎవరూ ఆకురంగు గింజల్ని ఊహించుకోరు. పచ్చి, పసి, పసిమి, పసుపు, పసిడి, పైరు అన్నీ ఈ పచ్చకు చుట్టాలే. తేడా చెప్పాల్సి వచ్చినచోట ఆకుపచ్చ, పసుపుపచ్చ అని ముందొక మాట తగిలించుకుంటాం. పచ్చ మాత్రం రెండింటిలోనూ కదలకుండా ఉంటుంది.

అర్థం తేల్చేది క్రియ. 'చెట్టు పచ్చగా ఉంది' అంటే దాని కళ చెబుతున్నాం. 'పచ్చబడింది' అంటే ఉన్న రంగు మారింది. ఆకు ముందే ఆకురంగులో ఉంది కాబట్టి అది మారితే పసుపే. జబ్బు చేసినప్పుడు కళ్లు పచ్చబడ్డాయనేదీ ఇలాగే. అదే వానలు పడ్డాక బీడు పచ్చబడింది అంటే గడ్డి మొలిచిందని. బాబు 'పచ్చగా' అని విన్నాడు, అమ్మగారు అన్నది 'పచ్చబడటం'. 'పసుపుబారాయి' కూడా తప్పేమీ కాదు, కానీ నాకు అమ్మగారి మాటే ఇష్టం.

ఇక తెగులు. దీనికి తెవులు అనే రూపం కూడా ఉంది, పగడం–పవడం లాగా. పాత తెలుగులో మనుషుల రోగాన్నీ అలాగే అనేవారు, రోగిని తెవులుగొంటు అన్నారు. ఆ లెక్కన అమ్మగారు అన్నది సరే. ఇప్పటి సాగులో మాత్రం శిలీంధ్రం, బాక్టీరియా, వైరస్ తెచ్చేది తెగులు, పురుగు చేసేది చీడ, పోషకం చాలకపోతే లోపం. మందుల దుకాణంలో ఈ తేడా చాలా ముఖ్యం. నేనొకసారి "నిమ్మకు తెగులు మందు" అని అడిగితే శిలీంధ్రాల మందు ఇచ్చారు. రెండుసార్లు కొట్టినా గుణం లేదు. తర్వాత ఒక చిగురాకు తెంపి ఎండకు ఎత్తి చూశాను. ఈనెలు సన్నటి వలలా ఆకుపచ్చగానే ఉన్నాయి, వాటి నడుమ అంతా పసుపు. ముదురాకులు బాగానే ఉన్నాయి. అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉన్న ఉప్పు), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి చల్లటి పూట కొడితే తర్వాతి చిగుళ్లు మామూలుగా వచ్చాయి.

కింది ముదురాకులు ముందు పచ్చబడితే నత్రజని చాలడం లేదని అనుమానించాలి, పశువుల ఎరువు వేయండి. గరుకు గోధుమరంగు మచ్చ, చుట్టూ పసుపు వలయం ఉంటే అది గజ్జి తెగులు, నిజంగా తెగులే. ఆ కొమ్మలు కత్తిరించి కాల్చేసి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టాలి. లేతాకు మీద పాము పాకినట్టు తెల్లటి వంకర గీతలుంటే అది పురుగు పని.

దుకాణానికి వెళ్లేటప్పుడు ఒక ముదురాకు, ఒక లేతాకు చేతిలో పట్టుకెళ్లండి. ఏ ఆకు ముందు పచ్చబడిందో, ఈనెలు కూడా పచ్చబడ్డాయో లేదో అమ్మగారినే చెప్పమనండి.