గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక వాడొచ్చా? – సమాధానం

నమస్తే అండి. అమ్మగారి ఇన్సులిన్ సీసా ఫ్రిజ్‌లో గడ్డకట్టిందని, కరిగాక మామూలుగానే కనిపిస్తోంది కాబట్టి వాడొచ్చా అని అడిగారు. దయచేసి వాడకండి. చూడటానికి ఎంత తేటగా ఉన్నా సరే.

ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాలున్న ప్రోటీన్. 21, 30 చొప్పున ఉన్న రెండు గొలుసులు గంధకపు బంధాలతో ముడిపడి, ఒక ప్రత్యేకమైన ఆకారంలో మడతపడి ఉంటాయి. ఆ ఆకారం ఉంటేనే అది పనిచేస్తుంది. నీళ్లు మంచుగా మారేటప్పుడు ఆ మడతలు విడిపోయి, అణువులు ఒకదానికొకటి అంటుకుపోవచ్చు. ఉడికిన గుడ్డులోని తెల్లసొన చల్లారాక మళ్లీ నీళ్లలా మారదు కదా, ఇదీ అలాంటిదే.

ఎండలో వదిలేస్తే ఇంకో నష్టం కూడా ఉంది. అణువు రసాయనికంగానే మారిపోతుంది. అందులోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం అమ్మోనియాను కోల్పోతుంది. ఫ్రిజ్‌లో ఇది చాలా నెమ్మదిగా సాగుతుంది, వేడి పెరిగేకొద్దీ జోరందుకుంటుంది. కంటికి మాత్రం ఏమీ తెలియదు.

కొత్త సీసాను ఫ్రీజర్‌కీ వెనక గోడకీ దూరంగా, 2–8 డిగ్రీల మధ్య ఉంచండి. మూత తీసి వాడుతున్నదైతే చాలా రకాలు 30 డిగ్రీల లోపు సుమారు 28 రోజులు ఆగుతాయి. మీ పెట్టె మీద ఏముందో చూసుకోండి. గట్టిగా ఊపకండి, ఊపినా ప్రోటీన్ దెబ్బతింటుంది. తెల్లగా, మబ్బుగా ఉండే రకమైతే అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి.

ఇప్పటికే ఒక డోసు ఇచ్చి ఉంటే టెన్షన్ పడకుండా షుగర్ చెక్ చేయండి. ఎక్కువగా ఉంటే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి, మీ అంతట మీరు డోసు పెంచొద్దు.