ఎమ్మెస్సీ చేసి అమెరికా వచ్చాక కమ్యూనిటీ కాలేజీలో మళ్లీ బయాలజీ చదవాలా?

మీరు అనుకుంటున్న పద్ధతిలో అయితే అక్కర్లేదండీ. ఇండియాలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ అయింది, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటున్నారు, ఈఏడీ (పని చేసుకోవడానికి అనుమతి కార్డు) చేతికొచ్చింది. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల బయాలజీ డిగ్రీ చేస్తే ల్యాబ్ ఉద్యోగం దొరుకుతుందా అన్నది మీ ప్రశ్న.

అక్కడ అసోసియేట్ ఇన్ సైన్స్ అనే డిగ్రీని ఉద్యోగం కోసం పెట్టలేదు. రెండేళ్లు తక్కువ ఫీజుతో చదివి, మూడో ఏడు యూనివర్సిటీలో చేరడానికి పెట్టారు. హైస్కూల్ అయిన పిల్లలకి మంచి దారే. 2024-25లో క్రెడిట్‌కి (కోర్సు ఎంత పెద్దదో చెప్పే కొలత) 76 డాలర్లు, నాలుగు క్రెడిట్ల మొదటి బయాలజీ కోర్సు బయో 111 అంటే 304 డాలర్లు, పైన చిల్లర ఫీజులు. అదే అవుట్ ఆఫ్ స్టేట్, అంటే ఈ రాష్ట్రం వాళ్లు కాదు అని తేలిస్తే క్రెడిట్‌కి 268. ఈ సంగతి తేల్చేది కాలేజీ కాదు, రెసిడెన్సీ డిటర్మినేషన్ సర్వీస్. 12 నెలలుగా ఇక్కడే స్థిరంగా ఉంటున్నట్టు కాగితాలు చూపించాలి. రిజిస్ట్రేషన్‌కి ముందే ఆ పని ముగించండి.

ఇంట్లో హైస్కూల్ పిల్లలుంటే ఒక మాట. బయో 110 తేలిగ్గా ఉంటుందని ఎవరో చెబితే తీసుకోనివ్వకండి. అది బయాలజీ మేజర్ (ముఖ్య సబ్జెక్టు) కానివాళ్లకి. మేజర్‌కి కావలసింది బయో 111, 112, కెమిస్ట్రీ 151, 152, ఆపైన ఆర్గానిక్ 251, 252. కెమిస్ట్రీలో ఒకటి అయ్యాకే ఇంకొకటి ఇస్తారు కాబట్టి మొదటి సెమిస్టర్‌లో కెమిస్ట్రీ వాయిదా వేస్తే చివర్లో ఏడాది జారిపోతుంది. డిగ్రీ పూర్తిచేస్తే రాష్ట్రంలోని 16 యూనివర్సిటీల్లో ఎక్కడో ఒకచోట సీటు ఖాయమన్న ఒప్పందం ఉంది గానీ, కోరుకున్న క్యాంపస్, కోరుకున్న మేజర్ ఖాయమని అందులో లేదు.

ఇక మీ సంగతి. ముందు మీ మార్కుల జాబితాలు సబ్జెక్టులవారీగా ఎవాల్యుయేషన్ (అమెరికా చదువుతో పోల్చి లెక్కగట్టడం) చేయించండి. మూడేళ్ల బీయస్సీ ఒక్కదాన్నే నాలుగేళ్ల డిగ్రీతో సమానమని చాలామంది ఒప్పుకోరు, పక్కన ఎమ్మెస్సీ ఉంటే పరిస్థితి వేరు. తర్వాత అదే కమ్యూనిటీ కాలేజీల్లో ఉద్యోగానికే పెట్టిన కోర్సులు చూడండి. ఆసుపత్రి ల్యాబ్ కావాలంటే మెడికల్ ల్యాబొరేటరీ టెక్నాలజీ. రెండేళ్లు, సీట్లు కొద్ది, క్లినికల్ రొటేషన్లు (ఆసుపత్రి ల్యాబుల్లో శిక్షణ) పగటిపూట, చేరేముందు హెపటైటిస్ బీ టీకాలు, టీబీ పరీక్ష, డ్రగ్ స్క్రీన్. ఆఖర్న ల్యాబ్‌వాళ్లకి సర్టిఫికెట్ ఇచ్చే ఏఎస్‌సీపీ పరీక్ష. నార్త్ కరోలినాలో ల్యాబ్‌వాళ్లకి రాష్ట్ర లైసెన్స్ అవసరం లేదు, కాలిఫోర్నియాలో ఉంది. మీ వారి ప్రాజెక్టు అటు మారే సూచనలుంటే ఇది ఇప్పుడే ఆలోచించుకోవాలి. క్లినికల్ ట్రయల్స్ (కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించడం) వైపు మనసుంటే డర్హమ్ టెక్ అనే కమ్యూనిటీ కాలేజీని అడగండి. నర్సింగ్ పూర్తిగా వేరే దారి, దానికి అనాటమీ ఫిజియాలజీ 168, 169 కావాలి, మేజర్ బయాలజీ అందులో పనికిరాదు.

నన్నడిగితే మీకు సరైనది బయోవర్క్. సెమిస్టర్ లోపు అయిపోయే సర్టిఫికెట్, బయోటెక్ ప్లాంట్లలో ప్రాసెస్ టెక్నీషియన్ పనికి తయారుచేస్తుంది. క్లేటన్‌లో నోవో నార్డిస్క్, గ్రిఫోల్స్, రీసెర్చ్ ట్రయాంగిల్‌లో బయోజెన్ లాంటి కంపెనీలు ఉన్న ప్రాంతం మీది. అయినా మన వాట్సాప్ గ్రూపుల్లో ఎమ్మెస్సీ బోటనీ చేసిన అమ్మాయికి కూడా సాఫ్ట్‌వేర్ టెస్టింగే రాసిస్తారు, జ్వరానికి పారాసిటమాల్ రాసినట్టు. పక్క వీధిలో ఏ ప్లాంటు ఉందో చూసిన పాపాన పోరు.

ఎమ్మెస్సీ ఉండి మళ్లీ సర్టిఫికెట్ ఎందుకంటారా? ప్లాంటులో చూసేది థియరీ కాదు, చేతులూ కాగితమూ. గౌనింగ్‌నే తీసుకోండి. స్టెరైల్ గదిలోకి వెళ్లే సూట్ తొడుక్కునేటప్పుడు కాళ్లూ చేతుల భాగాలు కుప్పగా పట్టుకోవాలి, అంచు నేలకి తగిలితే ఆ సూట్ అవతల పారేసి ఇంకోటి తీయాలి. గ్లవ్ స్లీవ్ పైకి రావాలి. అంతా అయ్యాక వేళ్ల కొసల్ని అగర్ ప్లేట్ (సూక్ష్మజీవుల్ని పెంచే పళ్లెం) మీద ఆనిస్తారు, ముంజేతికి, ఛాతీకి కాంటాక్ట్ ప్లేట్లు అద్దుతారు, వాటిని ఇంక్యుబేటర్‌లో పెడతారు. అత్యంత శుభ్రమైన గదికి అర్హత కావాలంటే వేళ్ల ప్లేట్‌లో ఒక్క కాలనీ (సూక్ష్మజీవుల చుక్క) కూడా రాకూడదు. గాగుల్స్ సర్దుకోవడానికి చెయ్యి మొహం దగ్గరికి తీసుకెళ్తే ఈ పరీక్ష తప్పిపోవచ్చు.

ద్రవాన్ని కొలిచి పీల్చి వదిలే పిప్పెట్ కూడా అంతే. పీల్చేటప్పుడు మొదటి స్టాప్ దాకానే నొక్కాలి, రెండో స్టాప్ వదిలేటప్పుడు. తేడా తెలియక రెండో దాకా నొక్కి పీలిస్తే ఎక్కువ వస్తుంది. ఇంట్లో కుదరదు గానీ కాలేజీ ల్యాబ్‌లో సున్నితపు త్రాసు ఉంటుంది: 100 మైక్రోలీటర్ల నీళ్లు 0.1 గ్రాము తూగాలి. వరసగా పదిసార్లు తూచి చూసుకోండి, మీ చెయ్యి ఎక్కడుందో తెలుస్తుంది.

అన్నిటికన్నా మనవాళ్లకి కష్టమయ్యేది బ్యాచ్ రికార్డు, అంటే ఒక విడత మందు తయారీలో ప్రతి అడుగూ రాసే కాగితం. మన డిగ్రీ కాలేజీల్లో రికార్డు అంటే సీనియర్ పుస్తకం తెచ్చుకుని రాత్రికి రాత్రి చక్కటి చేతిరాతతో దించేయడం, రీడింగ్ రాకపోతే రావలసిన రీడింగ్ వేసేయడం. అందంగా బొమ్మలేసినవాళ్లకి మార్కులు. ఆ అలవాటు ఇక్కడ ఉద్యోగాన్ని మింగేస్తుంది. చేసిన క్షణంలోనే ఇంకుతో రాయాలి. చిత్తుకాగితం మీద రాసి తర్వాత ఫెయిర్ చేస్తే అది పెద్ద తప్పు. 7.2 బదులు 7.4 రాశారా, పైన ఒక్క గీత గీసి, పాత అంకె కనబడేలా ఉంచి, సరైనది రాసి, పొడి అక్షరాలూ తేదీ వేయాలి. వైటనర్, పెన్సిల్ ఊసే ఎత్తకూడదు. పక్కనున్నామె "అక్కా, వెరిఫైడ్ బై దగ్గర సంతకం పెట్టెయ్" అన్నా, మీ కళ్లతో చూడకపోతే పెట్టకండి. హైదరాబాద్ ఫార్మాలో క్యూఏలో (నాణ్యత చూసే విభాగంలో) చేసినవాళ్లుంటే అడగండి, తనిఖీకొచ్చే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు మొదట తవ్వేది ఇవే కాగితాలు.

వీసా లెక్క ఒకటి చూసుకోండి. ఈఏడీ మీ వారి హెచ్1బీకి ముడిపడి ఉంటుంది కాబట్టి రెన్యూవల్ తేదీ చూసుకునే చేరండి. ఎఫ్1కి (విద్యార్థి వీసా) మారి అసోసియేట్ డిగ్రీతో ఓపీటీ (చదువు తర్వాత పనిచేసే అనుమతి) తెచ్చుకుందామంటే 12 నెలలే, సైన్స్, టెక్నాలజీ చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపుకి బ్యాచిలర్స్ అయినా ఉండాలి.

చివరిగా షిఫ్టులు. ప్లాంటు రాత్రింబవళ్లు నడుస్తుంది. 12 గంటల షిఫ్టు, రెండు రోజులు పని, రెండు సెలవు, మూడు పని అన్న వరస మామూలు. పొద్దున 6కి షిఫ్టంటే అప్పటికి డేకేర్ తలుపులు తెరవరు. ఇంటర్వ్యూలో జీతం కన్నా ముందు ఏ షిఫ్టో, పగలూ రాత్రీ మారుస్తుంటారో లేదో అడగండి.