పల్లవి దొరకని పాట

అల్లుడూ,

మీ అమ్మ తీసే కూనిరాగం ఫోన్‌కి వినిపించినా పాట దొరకలేదని రాశావు. ఫోన్లు లేనప్పుడు మేం వెతికిన పద్ధతి చెప్తాను, ఓసారి చూడు.

ముందు మాటల్ని నమ్మకు. గరగరలాడే రేడియోలో విన్న మాటల్లో సగం మన చెవి కల్పించినవే. వెన్నెల, జాబిలి అంటూ వెతికితే వందల పాటలు మీద పడతాయి. గొంతు ఎవరిదో అడుగు. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరిలో పోయారు. బాలు 1966లో మొదలుపెట్టాడు. గొంతు తెలిస్తే కాలం తెలిసినట్టే.

అసలు చిక్కు వేరే ఉంది. చాలామందికి గుర్తుండేది చరణం, పాటల జాబితాలన్నీ పల్లవితో ఉంటాయి. అమ్మని తీరిగ్గా కూర్చోబెట్టి, గుర్తున్న ముక్క ఆగకుండా పాడమను. మాటలు రాకపోతే 'లలల' అననీ. నువ్వు మధ్యలో అందించకు, గొంతు కలపకు. చరణం చివరికి వచ్చేసరికి నోరు తనంతట తనే పల్లవి ఎత్తుకుంటుంది. ఒక్కసారికి రాకపోతే వంట చేసుకుంటున్నప్పుడు మళ్ళీ పాడించు. వంటింట్లో పాటలు బాగా గుర్తొస్తాయి, ఎందుకో మరి!

ఎక్కడ విన్నదో కూడా కనుక్కో. టాకీసులో విన్నంత మాత్రాన సినిమా పాట కానక్కర్లేదు. ఆట మొదలయ్యే ముందు ఘంటసాల గారి ప్రైవేటు భక్తిగీతాలు వేసేవారు. రేడియోలో విన్నదైతే లలితగీతం కావచ్చు. అలాంటివి ఏ సినిమా పాటల పుస్తకంలోనూ ఉండవు.

సినిమా పాటే అయితే ఆ పాటల పుస్తకాలే దిక్కు. హాలు బయట అమ్మేవారు. కథ సగం చెప్పి 'తరువాయి వెండితెరపై చూడండి' అని ఆపేసి, కింద పాటలు వేసేవారు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతుకు. దొరికితే మొదటి లైను చూసి పేజీ తిప్పెయ్యకు, చరణాలు చదువు.

ఆ రోజుల్లో పాట వెయ్యమని రేడియోకి కార్డు రాయాలంటే సినిమా పేరు కావాల్సొచ్చేది, మనకి తెలియనిదే అది! రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురై గారు సినిమా పేరు చెప్పే సమయానికే స్టేషను జారిపోయేది.

అందుకే మేం మైకుసెట్టు వాళ్ళ దగ్గరికో, బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాళ్ళ దగ్గరికో పోయేవాళ్ళం. క్లారినెట్ వాళ్ళకి మాటలతో పనిలేదు, రెండు లైన్లు కూనిరాగం తీస్తే చాలు. ఒక్కోసారి హిందీ పాట పేరు చెప్తారు. అప్పుడు డీలా పడకు. యాభైల్లో, అరవైల్లో హిందీ వరసలు మనవాళ్ళు బాగానే తెచ్చుకున్నారు. ఆ హిందీ సినిమా ఏ ఏడాదిదో చూసి, ఆ తర్వాత వచ్చిన తెలుగు సినిమాల్లో వెతుకు.

అమ్మ పాడినప్పుడు రికార్డు చేసి నాకూ పంపు. మా వీధిలో క్లారినెట్ ఆయన ఒకరున్నారు, పెళ్ళిళ్ళ సీజను మొదలైతే దొరకరు. ఈలోపే పంపు.

మీ మావయ్య