‘ఇప్పించగలరు’ అనాలా, ‘రాయగలరా’ అనాలా?

సందేహం: ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) కోర్సులకు దరఖాస్తు చేస్తున్నాను. పాఠాలు చెప్పిన ప్రొఫెసర్లను సిఫారసు లేఖలు అడగాలి. వారితో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడాను కాబట్టి తెలుగులోనే ఈమెయిల్ రాస్తున్నాను. ‘మీ యొక్క అమూల్యమైన సమయాన్ని వెచ్చించి నాకు ఒక బలమైన సిఫారసు లేఖను ఇప్పించగలరు’ అని రాస్తే, వాక్యం బాగాలేదని మా అన్నయ్య అన్నాడు. తప్పెక్కడ? ‘సిఫారసు’ అనడమే మర్యాద కాదా?

సమాధానం: ‘సిఫారసు’లో అమర్యాదేమీ లేదు. ఫారసీ మాట, ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. సంఘాల నివేదికల్లో ‘సిఫారసులు’ అని నిత్యం చదువుతూనే ఉన్నాం. రికమెండేషన్ లెటర్ అన్నా ఎవరూ తప్పుపట్టరు. ‘యోగ్యతాపత్రం’, ‘ప్రశంసాపత్రం’ మాత్రం వద్దు. మొదటిది అర్హతను ధ్రువీకరించే కాగితం, రెండోది సభలో చదివి చేతికిచ్చేది.

చిక్కంతా ‘బలమైన’ అన్నచోట ఉంది. తెలుగులో సిఫారసుకు బలం రాసినవారి పలుకుబడి వల్ల వస్తుంది. ‘వాడికి గట్టి సిఫారసు ఉంది’ అంటే, అర్హతను పక్కనపెట్టి పరిచయంతో పని జరిగిందనే అర్థం. మీరు కోరుతున్నది అది కాదు. మీ పనిని దగ్గర నుంచి చూసినవారు వివరంగా, నమ్మకంగా రాయాలని మీ కోరిక. ఆ మాటే రాయండి.

ఇక ‘ఇప్పించు’. ఇది ప్రేరణార్థకం, వేరొకరి చేత ఇచ్చేలా చేయడం. ప్రిన్సిపాల్‌ను టీసీ ఇప్పించమని అడగడం సబబే, ఎందుకంటే దాన్ని తయారుచేసేది ఆఫీసు. సిఫారసు లేఖను ప్రొఫెసరే రాయాలి. పైగా ‘నాకు ఇవ్వండి’ అనడం కూడా పొసగదు. చాలాచోట్ల ఆ లేఖ మీ చేతికి రాదు, ప్రొఫెసరే నేరుగా దరఖాస్తు పోర్టల్‌లో అప్‌లోడ్ చేస్తారు. ‘నాకు’ తీసేసి ‘నా గురించి’ అనండి. ‘ఒక లెటర్ రాసిపెట్టండి సార్’ అనడం నోటిమాటగా చెల్లుతుంది కానీ, మీ పనిని ఆయన చేసిపెడుతున్నట్టు ధ్వనిస్తుంది. లేఖలో ఉండాల్సింది ఆయన అభిప్రాయం కాబట్టి ‘రాయండి’ చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ‘గలరు’. ‘గమనించగలరు’, ‘హాజరు కాగలరు’ అన్నవి నోటీసుల భాష. చదివినవారు బదులు చెప్పే అవకాశం వాటిలో లేదు. ‘ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను’ అన్నా అంతే, వినయం ఉంది గానీ కాదనే వీలు లేదు. చివర ‘ఆ’ చేర్చి ‘రాయగలరా?’ అంటే అది ప్రశ్న అవుతుంది. ‘రాయలేనమ్మా, నీ పని నాకంతగా తెలియదు’ అని చెప్పే దారి ఎదుటివారికి దొరుకుతుంది. ఆ దారి మీకే మేలు. మొహమాటానికి ఒప్పుకున్నవారు నాలుగు పొడి వాక్యాలు రాస్తారు. అలాంటి లేఖ చేసే నష్టం కన్నా ముందే కాదనిపించుకోవడం నయం, మరొకరిని అడగడానికి సమయం మిగులుతుంది.

‘మీ యొక్క’లో ‘యొక్క’ అనవసరం. ‘మీ’ చాలు. అసలు ‘అమూల్యమైన సమయం’ ఎత్తేసి, ఆ చోటులో మీరెవరో గుర్తుకొచ్చే వివరం పెట్టండి. ఇలా ఉండొచ్చు:

‘గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, నమస్కారం. నేను 2023లో మీ దగ్గర రాజ్యాంగ చట్టం చదువుకున్నాను. వాక్‌స్వాతంత్ర్యం మీద నేను రాసిన సెమినార్ పత్రాన్ని మీరు దిద్ది, మళ్లీ రాయించారు. ఇప్పుడు మూడు విశ్వవిద్యాలయాల్లో ఎల్‌ఎల్‌ఎంకు దరఖాస్తు చేస్తున్నాను. నా చదువు గురించి, ఆ పత్రం గురించి వివరంగా రాయవచ్చని మీకు అనిపిస్తే, నా గురించి సిఫారసు లేఖ రాయగలరా? వీలుకాకపోతే నిస్సంకోచంగా చెప్పండి. మొదటి గడువు డిసెంబరు 1. మీరు సరేనంటే మార్కుల జాబితా, రెజ్యూమే, ఆ పత్రం, గడువుల పట్టిక పంపిస్తాను.’

ఈ ఉత్తరం గడువుకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు వెళ్లాలి. ఒక్కొక్కరికి విడిగా రాయండి. ఒకే మెయిల్ ముగ్గురికి పెడితే ఎవరికి వారు మిగతావారు రాస్తారనుకుంటారు. సరేనన్న తర్వాతే వారి ఈమెయిల్‌ను పోర్టల్‌లో నమోదు చేయండి. ముందే చేస్తే, అడగకుండానే యంత్రం నుంచి లింకు వెళుతుంది, అది స్పామ్‌లో పడినా పడొచ్చు. అమెరికా విశ్వవిద్యాలయాల దరఖాస్తులో లేఖను చూసే హక్కు వదులుకుంటారా అన్న ప్రశ్న సాధారణంగా ఉంటుంది. అక్కడ చేరిన విద్యార్థి తన రికార్డులు చూసుకునే హక్కు 1974 నాటి ఫెర్పా చట్టం వల్ల వచ్చింది. వదులుకుంటే ఆ సంగతి ప్రొఫెసర్‌కు చెప్పండి, ఆయన స్వేచ్ఛగా రాస్తారు. దీన్ని ‘హక్కు మాఫీ’ అనకండి. మాఫీ అయ్యేది అప్పు, పన్ను. హక్కును ‘వదులుకుంటాం’.

తేదీల దగ్గర చాలామంది పొరబడతారు. ‘15వ తేదీ లోపు’ అంటే 15 కలుస్తుందా లేదా అన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది. ‘వచ్చే శుక్రవారం’ అంతకన్నా అయోమయం. ‘డిసెంబరు 1 రాత్రి 11:59కి పోర్టల్ మూసేస్తారు’ అని రాసి, అది ఏ దేశపు సమయమో కూడా చేర్చండి.

రెండు వారాల ముందు ఒకసారి గుర్తు చేయడం తప్పు కాదు. ‘ఇంకా పంపలేదు’, ‘మరిచిపోయినట్టున్నారు’ అన్నవి నిష్ఠూరంగా వినిపిస్తాయి. ‘గడువు దగ్గరపడుతోంది. లింకు మళ్లీ జతచేస్తున్నాను. నా నుంచి ఇంకేమైనా వివరాలు కావాలంటే చెప్పండి’ అంటే సరిపోతుంది. చివర ‘భవదీయుడు’, ‘భవదీయురాలు’ తప్పు కాదు గానీ, పాఠం చెప్పినవారికి రాసేటప్పుడు ‘మీ విద్యార్థి’ అన్నది దగ్గరగా ఉంటుంది. దాని కింద పేరుతోపాటు చదివిన సంవత్సరం, రోల్ నంబరు రాయండి.