తెలుగు మీడియంలో బీకాం చదివాను, ఉస్మానియాలో జర్నలిజం పీజీ చేయొచ్చా? పత్రికల జర్నలిజం స్కూల్లో చేరడం మేలా?

తప్పకుండా చేయొచ్చు. నేనూ తెలుగు మీడియం నుంచే వచ్చి అక్కడ ఎంఏ చేశాను. ఇప్పుడు ఒక తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. వార్త రాయడం, పేజీ పెట్టడం త్వరగా నేర్చుకుని వెంటనే ఉద్యోగంలో చేరాలనుకుంటే పత్రిక స్కూలు మంచిదే, శిక్షణలో స్టైపెండ్ కూడా ఇస్తారు. ఏది రాయొచ్చు, ఏది రాయకూడదు, ఎందుకు రాయకూడదు అన్నది లోతుగా తెలియాలంటే మాత్రం యూనివర్సిటీకే వెళ్లమంటాను.

ఆ మాట ఎందుకంటున్నానో చెప్తాను. ఆమధ్య ఒక రాత్రి, పేజీలు వదిలే టైముకి, ఒక మండలం నుంచి పోక్సో కేసు (పిల్లలపై లైంగిక నేరాల కేసు) వార్త వచ్చింది. పాప పేరు రాయలేదు. కానీ తండ్రి చేసే పని, ఊరు, పాప చదివే స్కూలు, తరగతి అన్నీ ఉన్నాయి. నిందితుడు వరసకు ఏమవుతాడో కూడా రాశారు. ఆ ఊళ్లో ఎవరు చదివినా పాప ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం పేరొక్కటే కాదు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, స్కూలు, ఉండే ప్రాంతం ఏవీ బయటపెట్టకూడదు. అవన్నీ తీసేశాను. నిందితుడు బంధువు కాబట్టి అతని పేరు కూడా తీసేశాను. జిల్లా, కేసు నమోదు, అరెస్టు, ఇంతే మిగిలింది. అయినా అది పూర్తి వార్తే. ఆ సెక్షన్ నాకు మీడియా చట్టాల క్లాసులో తెలిసింది. రాత్రి పదకొండు గంటలకు డెస్కులో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, ఎవరికీ అంత తీరిక ఉండదు.

ప్రవేశానికి డిగ్రీలో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. తెలంగాణ యూనివర్సిటీల ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి. గంటన్నరలో వంద ఆబ్జెక్టివ్ ప్రశ్నలు. రోజూ పేపరు చదివే అలవాటుంటే అదే పెద్ద ప్రిపరేషన్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ప్రయత్నించాలనుకుంటే దానికి వేరుగా సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది.

ఇక ఇంగ్లీషు భయం. మొదటి సెమిస్టర్లో కమ్యూనికేషన్ థియరీలు చదివేటప్పుడు టెన్షన్ సహజం. ఉదాహరణకు అజెండా సెట్టింగ్. 1968 అమెరికా ఎన్నికలప్పుడు మెక్‌కూంబ్స్, షా అనే ఇద్దరు చాపెల్ హిల్ అనే ఊళ్లో వంద మంది ఓటర్లను అడిగారు. వాళ్లు ముఖ్యమనుకుంటున్న సమస్యలూ, పత్రికలు, టీవీ ఎక్కువగా చూపిస్తున్న సమస్యలూ దాదాపు ఒకటేనని తేలింది. పొద్దున పేపరు వచ్చాక మీ ఊరి టీ కొట్టు దగ్గర దేని మీద చర్చ నడుస్తోందో వినండి, అంతా అర్థమవుతుంది. ముందు విషయం తెలుగులో పట్టుకోండి, తర్వాత ఇంగ్లీషులో సొంతంగా నోట్స్ రాసుకోండి. నేను పరీక్షలన్నీ ఆ పద్ధతిలోనే రాశాను.

ఉస్మానియాలో ఈ విభాగం 1954లోనే మొదలైంది. నా దృష్టిలో అక్కడ చదివేవాళ్లకు ఉన్న పెద్ద లాభం క్యాంపస్సే. ఆర్ట్స్ కాలేజీ ముందు సభలు, ర్యాలీలు జరుగుతూనే ఉంటాయి. ఎంతమంది వచ్చారంటే నిర్వాహకులు ఒక లెక్క చెప్తారు, పోలీసులు ఇంకో లెక్క చెప్తారు. మీరు నిలబడి చూసి, ఇద్దరినీ అడిగి రాయాలి. ఎవరూ అడగకపోయినా వెళ్లి రాయండి, సీనియర్లకు చూపించండి. క్లాసులకు మాత్రమే వెళ్లొచ్చేవాళ్లకు రెండేళ్ల తర్వాత చేతిలో మెమో తప్ప ఏమీ ఉండదు.

డిసర్టేషన్‌ని, అంటే కోర్సులో భాగంగా చేసే పరిశోధన వ్యాసాన్ని మాత్రం దయచేసి కాపీ పేస్టు వ్యవహారం చేయకండి. నేను జిల్లా పేజీల్లో వ్యవసాయ వార్తల మీద చేశాను. పాత సంచికలు ముందేసుకుని స్కేలుతో కాలమ్ సెంటీమీటర్లు కొలవడం, వార్త ఎవరి మాటతో మొదలైందో కోడింగ్ షీటులో నింపడం. అధికారి, ఎమ్మెల్యే, అధికారి, మళ్లీ అధికారి... రైతు మాటతో మొదలైన వార్త కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. ఈరోజుకీ వ్యవసాయ వార్త నా టేబుల్ మీదికి వస్తే, రైతు ఏమన్నాడని రిపోర్టర్‌కి ఫోన్ చేస్తాను. మీరు కూడా మీ జిల్లాకు సంబంధించిన అంశమే తీసుకోండి.

ఉద్యోగం వస్తుంది, కానీ మొదటి జీతం చాలా తక్కువ ఉంటుంది. ఇంట్లో వాళ్లకు ఆ సంగతి ఇప్పుడే చెప్పండి. పత్రికలు, టీవీలు, వెబ్‌సైట్లు, పీఆర్ ఏజెన్సీలు కాక బోధన వైపు కూడా దారి ఉంది. పీజీలో 55 శాతం, రిజర్వేషన్ వర్గాలకైతే 50 శాతం మార్కులు ఉంటే లెక్చరర్ ఉద్యోగాలకు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ రాయొచ్చు. అందులో మంచి ర్యాంకుతో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. అందుకే మొదటి సెమిస్టర్ నుంచే మార్కులు నిర్లక్ష్యం చేయొద్దు.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు మీరు అర్హులైతే కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఇప్పుడే మీసేవలో తీసి పెట్టుకోండి. కౌన్సెలింగ్ మొదలయ్యాక అక్కడ రద్దీ ఎక్కువ.