సీ వాటర్ స్ట్రైనర్, కూలర్ విప్పేటప్పుడు అసలు ప్రమాదం ఎక్కడ?

"ఫోర్త్ ఇంజనీర్‌గా మొదటి షిప్పు, రేపు మెయిన్ సీ వాటర్ స్ట్రైనర్ తెరవమన్నారు, వచ్చే వారం ప్లేట్ కూలర్ కూడా ఉంది, మాన్యువల్ చదివాను గానీ ప్రమాదం నిజంగా ఎక్కడుందో అర్థం కావట్లేదు" అని కదా మీరు అడిగింది. ఈ పనికి ఆ మాత్రం టెన్షన్ ఉండాల్సిందే. స్ట్రైనర్ అంటే పంపుకి వెళ్లే సముద్రపు నీటిలోని చెత్తని ఆపే జల్లెడ బుట్ట ఉన్న పెట్టె. బుట్ట తీసి కడిగి పెట్టడమేగా అని చాలామంది దీన్ని చిల్లర పని కింద లెక్కేస్తారు. ఆ బుట్టకీ సముద్రానికీ మధ్య ఉండేది ఒకట్రెండు వాల్వులే.

నాకు జరిగింది చెప్తాను, అప్పుడు నేనూ ఫోర్తే. మామూలుగా సున్నాకి కాస్త పైన ఉండే పంపు సక్షన్ గేజ్ ముల్లు రెండు మూడు రోజులుగా వాక్యూమ్ వైపు దిగుతోంది, అంటే స్ట్రైనర్ మూసుకుపోతోంది. రెండో వైపు సీ చెస్ట్‌కి (ఓడ అడుగున సముద్రపు నీరు లోపలికి వచ్చే గూడు) మారి, ఈ స్ట్రైనర్‌కి ముందూ వెనకా ఉన్న బటర్‌ఫ్లై వాల్వులు మూసేశాం. సూచిక చక్కగా షట్ గీత మీద ఉంది. మూత మీద వెంట్ కాక్ (గాలి వదిలే చిన్న కుళాయి) తెరిస్తే ఒక్క బొట్టు రాలేదు. వాల్వు పట్టిందిలే అనుకుని మోటర్‌మ్యాన్, నేను చెరో వైపు నుంచి నట్లు వదులు చేయడం మొదలుపెట్టాం. సగం నట్లు వదిలేసరికి మూత ఒక పక్కకి లేచింది, అంచు పొడవునా నీళ్లు రేకులా చిమ్మి ఎదురుగా ఉన్న స్టార్టర్ ప్యానెల్ దాకా కొట్టాయి. మా అదృష్టం, నట్లు వదులు చేశాం గానీ ఒక్కటి కూడా పూర్తిగా తీయలేదు. ఆ చిమ్ముడులోనే ఎలాగో తిరిగి బిగించేశాం.

తర్వాత విప్పి చూస్తే రెండు విషయాలు బయటపడ్డాయి. వాల్వు డిస్కుకీ రబ్బరు లైనర్‌కీ మధ్య ఒక ఆల్చిప్ప ముక్క ఇరుక్కుని ఉంది, అందుకే సూచిక షట్ చూపిస్తున్నా వాల్వు పూర్తిగా పట్టలేదు. వెంట్ కాక్ రంధ్రం బార్నకిల్ గుల్లతో, తుప్పుతో బిరడా వేసినట్టు మూసుకుపోయి ఉంది, అందుకే నీళ్లు రాలేదు. లోపల ఒత్తిడి లేక నీళ్లు రాకపోవడం వేరు, దారి లేక రాకపోవడం వేరు. మేము రెండోదాన్ని చూసి మొదటిదనుకున్నాం.

అందుకని వెంట్ కాక్ తెరిచి ఊరుకోకండి, సన్నని తీగ పెట్టి పొడిచి రంధ్రం బాగుందని తేల్చుకోండి. తర్వాత కింద డ్రెయిన్ తెరవండి. నీళ్ల ధార మొదట జోరుగా వచ్చి తగ్గుతూ తగ్గుతూ ఆగిపోవాలి, అలా ఖాళీ అవుతున్నప్పుడు వెంట్ మీద తడి వేలు పెడితే గాలి లోపలికి లాగుతున్నట్టు తెలియాలి. ఆ లాగుడు తెలిసిందంటే రెండు రంధ్రాలూ తెరిచే ఉన్నాయి, స్ట్రైనర్ నిజంగానే ఖాళీ అవుతోంది. ఆ తర్వాత డ్రెయిన్ మూసి ఒక పది పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ తెరవండి. ఎన్ని నీళ్లు చేరాయో అదే మీ వాల్వు పాస్ (లీక్) అవుతున్న లెక్క. బొట్లు బొట్లుగా అయితే సెకండ్ ఇంజనీర్‌కి చెప్పి ముందుకు వెళ్లొచ్చు. ధార కడుతుంటే మూత జోలికి వెళ్లొద్దు, వాల్వుని ఒకట్రెండు సార్లు కాస్త తెరిచి మూస్తే ఇరుక్కున్న గుల్ల కొట్టుకుపోయి పట్టే అవకాశం ఉంది, అప్పటికీ పట్టకపోతే ఆ పని ఆ రోజుకి లేనట్టే. చీఫ్ విసుక్కున్నా సరే.

ఎందుకింత చాదస్తం అంటారేమో, లెక్క చూడండి. 10 మీటర్ల నీళ్ల లోతుకి దాదాపు 1 బార్ ఒత్తిడి. మీ స్ట్రైనర్ నీటిమట్టానికి 8 మీటర్ల కింద ఉందనుకుంటే 0.8 బార్, గేజ్ మీద చూస్తే ఇదేం ఒత్తిడి అనిపిస్తుంది. అదే ఒత్తిడి 400 మిల్లీమీటర్ల మూత మీద పడితే దాదాపు ఒక టన్ను బరువుతో సమానం. అదే లోతులో 100 మిల్లీమీటర్ల రంధ్రం పడితే గంటకి సుమారు 200 టన్నుల నీళ్లు లోపలికి వస్తాయి, మామూలు బిల్జ్ పంపు వాటిని తోడలేదు. అందుకే పని మొదలుపెట్టే ముందు బిల్జ్ (ఇంజన్ రూమ్ అడుగున నీళ్లు చేరే చోటు) ఖాళీగా ఉందా, పరీక్షిస్తే హై లెవెల్ అలారం మోగుతోందా, నీళ్లు ముంచెత్తితే పెద్ద పంపుతో తోడే ఎమర్జెన్సీ బిల్జ్ సక్షన్ వాల్వు చేత్తో తిరుగుతోందా చూడాలి. ఈ చివరిది చాలా షిప్పుల్లో రంగు వేసి వేసి బిగుసుకుపోయి ఉంటుంది.

ఐసోలేషన్ గురించి చెక్‌లిస్టులో ఉంటుంది కాబట్టి ఎక్కువ చెప్పను: పర్మిట్, బ్రేకర్ ఆఫ్, ట్యాగ్, బ్రిడ్జికి ముందే ఫోన్. పైలట్ ఉన్నప్పుడూ మనూవరింగ్ అప్పుడూ ఈ పని పెట్టుకోరు. కానీ ఒక్కటి మర్చిపోతుంటారు, స్టాండ్‌బై పంపు. ప్రెషర్ పడిపోతే అది దానంతటదే స్టార్ట్ అవుతుంది, మీరు విప్పుతున్న లైను మీద ఆ పంపు కూడా ఉంటే దాన్ని ఆటో నుంచి తీసేసి బ్రేకర్ కూడా దించాలి. రిమోట్ వాల్వు అయితే కంట్రోల్ రూమ్‌లో ఎవరో బటన్ నొక్కితే తెరుచుకుంటుంది, కాబట్టి వాల్వు దగ్గరే గాలి లేదా హైడ్రాలిక్ సరఫరా కట్టేయాలి. ఒక మనిషిని షిప్ సైడ్ వాల్వు (ఓడ గోడ దగ్గర సముద్రాన్ని ఆపే వాల్వు) దగ్గరే నిలబెట్టండి, అతని చేతికి వేరే పని అప్పజెప్పొద్దు.

నట్లు వదిలేటప్పుడు మీకు అవతలి వైపువి ముందు వదలాలి, చిమ్మితే అటు చిమ్ముతుంది. అన్ని నట్లూ నాలుగైదు చుట్లు వదిలి అక్కడే ఆపి, మూతని గూటంతో కాకుండా జాకింగ్ బోల్టుతోనో సన్నని చీలతోనో మెల్లగా లేపండి. గాస్కెట్ విడిపోయి ఒత్తిడి లేదని కళ్లతో చూశాకే నట్లు తీయాలి. మూత బరువైతే చెయిన్ బ్లాక్, వేళ్లు అంచు కింద పెట్టొద్దు. ఎక్కువ రోజులు వాడకుండా మూసి ఉన్న స్ట్రైనర్ అయితే లోపల చచ్చిన గుల్లలు కుళ్లి కోడిగుడ్డు మురిగిన వాసన వేస్తుంది, అది హైడ్రోజన్ సల్ఫైడ్. మొహం లోపలికి పెట్టి చూడొద్దు, ముందు బ్లోయర్ పెట్టండి, గ్యాస్ మీటర్ దగ్గర ఉంచుకోండి. ఈ గ్యాస్‌తో ఉన్న చిక్కు ఏమిటంటే కాసేపటికి ముక్కు మొద్దుబారి వాసన తెలియదు, వాసన పోయింది కదా అని గ్యాస్ పోయినట్టు కాదు.

బుట్ట కడగడం పెద్ద విషయం కాదు, చూడటమే పని. మెష్ ఎక్కడైనా చిరిగిందా, బుట్ట అడుగున సీటులో సరిగ్గా కూర్చుంటోందా చూడండి. అంచు దగ్గర చిన్న సందు ఉన్నా గుల్లలు పక్కనుంచి దాటి కూలర్‌లోకి చేరతాయి. లోపల జింక్ ఆనోడ్ (మిగతా లోహం బదులు తాను కరిగే దిమ్మ) ఉంటే అది కరిగిపోవడం మంచిదే, దాని పనే అది. ఏడాదైనా కొత్తదానిలా మెరుస్తుంటే అనుమానించండి, లోహంతో కాంటాక్ట్ లేకపోవచ్చు లేదా ఎవరో దాని మీద పెయింట్ వేసి ఉండొచ్చు (నేను కళ్లారా చూశాను, పైగా రెండు కోట్లు). మూసేటప్పుడు వెంట్ తెరిచే ఉంచి ఇన్లెట్ వాల్వు కొద్దిగా మాత్రమే తెరిచి మెల్లగా నింపండి, గాలి పోయి నీళ్లు ధారగా వచ్చాక వెంట్ మూసి, మూత చుట్టూ కారడం లేదని చూశాకే పూర్తిగా తెరవాలి. గాలి మిగిలితే పంపు లాగదు.

ఇక ప్లేట్ కూలర్, అంటే పలచని ప్లేట్లకి ఒక పక్క సముద్రపు నీరు, ఇంకో పక్క మంచినీరు పారుతూ వేడి మార్చుకునేది. నా అభిప్రాయం, క్యాలెండర్ చూసి దాన్ని విప్పకూడదు, అంకెలు చూసి విప్పాలి, విప్పిన ప్రతిసారీ గాస్కెట్ల ఆయుష్షు కొంత తగ్గుతుంది. చాలా షిప్పుల్లో డిజైన్ లెక్క సముద్రపు నీరు 32 డిగ్రీలు, ఎల్‌టీ (తక్కువ ఉష్ణోగ్రత సర్క్యూట్) మంచినీరు 36 డిగ్రీలు. సమస్య ఏమిటంటే నీటిని కొంత కూలర్‌లోకి, కొంత పక్క దారిలోకి పంచే త్రీ వే వాల్వు ఎల్‌టీని ఎప్పుడూ 36 దగ్గరే నిలబెడుతుంది కాబట్టి లాగ్‌బుక్‌లో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మీరు చూడాల్సింది ఆ వాల్వు ఎంత తెరుచుకుందో. సముద్రం 20 డిగ్రీలే ఉన్నా, ఇంజన్ లోడు మామూలుగానే ఉన్నా వాల్వు దాదాపు మొత్తం నీటిని కూలర్‌లోకే పంపుతోందంటే కూలర్ మురికి పట్టింది. దానితో పాటు సముద్రపు నీటి వైపు ముందూ వెనకా ప్రెషర్ తేడా పెరుగుతుంటే ఇక సందేహం లేదు. అప్పుడు కూడా బ్యాక్‌ఫ్లష్ (నీటిని ఎదురు దిశలో పంపి కడగడం) ఏర్పాటు ఉంటే ముందు అది చేసి చూడండి, నాకు చాలాసార్లు దాంతోనే పని అయిపోయింది. సముద్రపు నీరు కూలర్ నుంచి 50 డిగ్రీలు దాటి బయటికి వస్తుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు, ఆ వేడిలో ఉప్పు పొలుసు గట్టిపడుతుంది, తర్వాత బ్రష్‌తో పోదు.

విప్పక తప్పకపోతే రెండు వైపులా ఐసోలేట్ చేసి, డ్రెయిన్ చేసి, 40 డిగ్రీల కన్నా తక్కువకి చల్లారనివ్వండి. ప్లేట్ల కట్ట పక్కన పై మూల నుంచి కింది మూలకి ఐమూలగా ఒక పెయింట్ గీత గీయండి. తిరిగి పెట్టినప్పుడు ఒక్క ప్లేటు తారుమారైనా ఆ గీత విరిగి కనిపిస్తుంది. రెండు ఫ్రేముల మధ్య దూరం పైన, మధ్యలో, కింద, రెండు పక్కలా కొలిచి రాసుకోండి. బిగించేటప్పుడు కూడా ఐమూలగా, కొంచెం కొంచెంగా, మళ్లీ అదే కొలతకి రావాలి. కారుతోంది కదా అని నేమ్‌ప్లేట్ మీద రాసిన కనీస కొలత కంటే తక్కువకి బిగిస్తే ప్లేట్లు నలిగిపోతాయి. ప్లేటు అంచు బ్లేడులా ఉంటుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. టైటానియం ప్లేట్లని ఇనుప బ్రష్‌తో రుద్దొద్దు, నైలాన్ బ్రష్, నీళ్లు చాలు. గాస్కెట్ గాడిలో ఒక్క ఇసుక రేణువు మిగిలినా అక్కడే కారుతుంది. కెమికల్ వాడాల్సి వస్తే యాసిడ్‌ని నీళ్లలో పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు. స్టెయిన్‌లెస్ స్టీల్ ప్లేట్లకి హైడ్రోక్లోరిక్ అసలే వద్దు.

విప్పకుండానే తెలిసే లక్షణం ఇంకొకటి, ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో (మంచినీటి సర్క్యూట్‌కి పైన ఉండే ట్యాంకు) నీళ్లు ఊరికే తగ్గుతుంటే ప్లేటుకి చిల్లు పడి మంచినీరు సముద్రంలోకి పోతుండొచ్చు. మంచినీటి వైపు ఒత్తిడి తక్కువుండే షిప్పుల్లో తిరగబడి సముద్రపు నీరే మంచినీటిలోకి వచ్చి క్లోరైడ్ (ఉప్పు) రీడింగ్ పెరుగుతుంది.

పైపుల గురించి ఒక్క మాట. తుప్పు పట్టిన సీ వాటర్ పైపుని సుత్తితో కొట్టి చూడొద్దు, షిప్పు నీళ్లలో ఉండగా అస్సలు వద్దు. మందం కొలిచే అల్ట్రాసోనిక్ మీటర్ అందుకే ఉంది. వంపుల దగ్గర, సగం మూసి నడిపే బటర్‌ఫ్లై వాల్వుల వెనక, ఆరిఫిస్ (దారిని ఇరుకు చేసే రంధ్రం పలక) తర్వాత ముందు చూడండి, సుడులు తిరిగే చోటే లోహం పలచబడుతుంది. ట్యూబ్ కూలర్లలో కూడా అంతే, ట్యూబులో ఇరుక్కున్న చిన్న గుల్ల ముక్క వెనకే చిల్లు పడుతుంది. రబ్బరు బెలోస్ (పైపుల మధ్య మడతల రబ్బరు జాయింటు) మీద పగుళ్లు, ఉబ్బు కనిపిస్తే ఇంకో ట్రిప్పు చూద్దాం అనొద్దు, అది తెగితే పైపంత రంధ్రం.

గుల్లలు పట్టకుండా రాగి ఆనోడ్ల సిస్టమ్ ఉంటే దాని కరెంటు రీడింగ్ రోజూ నిజంగా చూసి రాయండి, నిన్నటి అంకె కాపీ కొట్టకుండా. అది ఆగిపోయిన సంగతి మీకు వెంటనే తెలియదు, కొన్ని వారాల తర్వాత స్ట్రైనర్ తెరిచినప్పుడు తెలుస్తుంది.

రేపు పని అయ్యాక ఏ వాల్వు పది నిమిషాల్లో ఎన్ని లీటర్లు పాస్ అయిందో తేదీ వేసి రాసి సెకండ్‌కి ఇవ్వండి, డ్రైడాక్ (ఓడని నీళ్లు లేని చోట నిలబెట్టి చేసే మరమ్మతు) లిస్టులోకి ఎక్కేలా చూసుకోండి. సరుకు ఓడల అడుగుభాగం 5 ఏళ్లలో కనీసం 2 సార్లు, 36 నెలల వ్యవధి మించకుండా చూడాలన్నది సోలాస్ (ఓడల భద్రతపై అంతర్జాతీయ ఒప్పందం) నియమం. అందులో ఒకటి కొన్ని ఓడలకి డైవర్లతో నీళ్లలోనే కానిచ్చేస్తారు కాబట్టి షిప్ సైడ్ వాల్వు విప్పే అవకాశం 5 ఏళ్లకోసారే రావచ్చు, లిస్టులో లేకపోతే ఆ లైనర్ మళ్లీ డాక్ దాకా అలాగే ఉంటుంది.