రన్ అంటే పరుగేనా?

అమ్మాయీ,

నువ్వు పంపిన అనువాద కథ చదివాను. కథ ఎంపిక బాగుంది, సంభాషణలు చక్కగా పలికాయి. నాకు అడ్డం పడింది ఒక్కటే మాట. ఇంగ్లిష్‌లో 'రన్' ఉన్న చోటల్లా 'పరుగు' పెట్టేశావు. నది ఊరి మధ్య నుంచి పరుగెడుతోంది, జబ్బు వాళ్ల కుటుంబంలో పరుగెడుతోంది.

ఆ చిన్న మాట గడుసుది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1989 కూర్పులో 'సెట్' అన్న మాటే అన్నిటికన్నా ఎక్కువ చోటు ఆక్రమించింది. తర్వాతి కూర్పు కోసం ఆ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన పీటర్ గిలివర్ 'రన్' సంగతి తేల్చడానికి సుమారు తొమ్మిది నెలలు కూర్చుంటే, క్రియగానే 645 అర్థాలు లెక్కతేలి అది 'సెట్'ని దాటేసింది. యంత్రాలు వచ్చాక రైలు నడవడం, మర ఆడటం కూడా ఇంగ్లిష్ వాళ్లు దానికే అప్పజెప్పారు.

తెలుగు అలా చేయలేదు. బెజవాడలో ఒక పూట తిరుగు, నీకే తెలుస్తుంది. బందరు కాలువ పారుతుంది. సిటీ బస్సు తిరుగుతుంది. పిండిమర దగ్గర కాసేపు నిలబడు. బియ్యం డబ్బాతో వచ్చినావిడ "ఆడించడానికి ఎంతసేపు పడుతుంది?" అంటుంది. గాంధీనగర్ హాల్లో సినిమా కూడా ఆడుతుంది. వస్త్రలత బట్టల మార్కెట్లో చీర బేరం చేసే మనిషి "రంగు దిగదు కదా?" అని కొంగు నలిపి చూస్తుంది. ఇంట్లో బియ్యం నిండుకుంటాయి, జలుబు చేస్తే ముక్కు కారుతుంది. ఇంకో చిత్రం చూడు, ఎన్నికల్లో అమెరికావాడు పరుగెడితే మనవాడు నిలబడతాడు!

శంకరనారాయణ ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు దగ్గరే ఉంచుకో, మంచిదే. కానీ ముందు ఆ వాక్యంలో కదులుతున్నదేమిటో చూసుకో. నీళ్లా, మనిషా, మరా, రంగా? దాన్ని తెలుగులో పైకి అను. చాలాసార్లు క్రియ దానంతటదే నోటికొస్తుంది. రాకపోతే ఆ పని చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి విను. ఈ ఓపిక లేకుండా అనువాదం జోలికి వెళ్లకూడదని గట్టిగా నమ్ముతాను.

అలాగని ఇంగ్లిష్‌ని తరిమేయమని కాదు. "రన్నింగ్‌లో దిగొద్దమ్మా" అని కండక్టరు అరిస్తే అలాగే రాయి. "హోటల్ రన్ చేస్తున్నాడు" అని పాత్ర అంటే అననీ. కథ చెప్పే గొంతు మాత్రం "హోటల్ నడుపుతున్నాడు" అనాలి.

తల్లి కేక విని పిల్లాడు పరుగెత్తే చోట పరుగు ఉంచు, అక్కడ అది ప్రాణం. జబ్బు మాట కథలో ఎవరి నోట వస్తుందో మళ్లీ చూడు. నాయనమ్మ అయితే "వాళ్ల వంశంలోనే ఉంది" అంటుంది, డాక్టరైతే "వంశపారంపర్యం" అంటాడు. అది నువ్వే తేల్చుకుని, సరిచేసిన ప్రతి నాకు పంపు.

ఆశీస్సులతో.